నేను ఇచ్చిన కొలత

మా బండి వెనక భాగంలో పాప పడుకోవడానికి చేయించిన పలక పొడవు మూడడుగుల నాలుగంగుళాలు. ఆ కొలత ఇచ్చింది నేను. ఈ రెండు వాక్యాలు కాగితం మీద పెట్టడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. పాప నిద్రపోయాక వంటగదిలో నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాను. ఇప్పటికే రెండుసార్లు లేచి వెళ్ళి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసి వచ్చాను. నాకు అదొక అలవాటు. దానికి నాలుగో ఏడు వచ్చినా పోలేదు.

మా ఆయనది సింధనూరు వైపు, గోరేబాళ దగ్గర ఒక క్యాంపు. కాలువ నీళ్ళు వచ్చాక కోస్తా నుంచి వచ్చి వరి వేసుకున్న వాళ్ళ ఊళ్ళను మా జిల్లాలో క్యాంపులనే అంటారు. ఆయన కరెంటు ప్లాంటులో ఇంజనీరు. నేను రాయచూరు పాత ఊళ్ళో పుట్టి పెరిగాను. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, పాప కడుపున పడేదాకా ఒక స్కూల్లో పాఠాలు చెప్పాను. తొమ్మిదో తరగతి పిల్లలకు మొట్టమొదటి పాఠం కొలతలే. వెర్నియర్ కాలిపర్స్ చేతిలో పెట్టి, కొలిచే వస్తువు ఎలా ఉందో చూడకుండా అంకె రాయకూడదని నేనే చెప్పేదాన్ని.

రెండేళ్ళ కిందట ఆయన ఒక పాత ఫోర్ బై ఫోర్ బండి కొన్నారు. రాళ్ళలో, వాగుల్లో పోయే రకం. షిఫ్టులు లేని రోజుల్లో ఊరి బయటికి పోయి, ఏ గుట్ట కిందో ఏటి ఒడ్డునో బండిలోనే పడుకుని పొద్దున్నే టీ కాచుకుని తాగాలని ఆయన కోరిక. మా కాలనీలో ఇంకో నలుగురికి అలాంటి బండ్లే ఉన్నాయి. ఆదివారం వచ్చిందంటే అందరూ మైదానంలో చేరి ఒకరి టైర్లు ఒకరు తన్ని చూసుకుంటారు. మా అత్తగారు విని నవ్వారు. “మేం పుట్టిందీ పెరిగిందీ క్యాంపులోనేరా. మూడు తరాలు కష్టపడి దాన్ని ఊరు చేసుకున్నాం. నువ్వు మళ్ళీ డబ్బులిచ్చి క్యాంపుకి పోతానంటావేంట్రా?”

నాకు మాత్రం నవ్వు రాలేదు. నా కళ్ళకు తేళ్ళు, పాములు, పాప జ్వరం కనిపించాయి. నేల మీద గుడారం వేస్తే రానని తెగేసి చెప్పాను. అప్పుడు ఆయన ఫోన్లో వీడియోలు చూపించారు. బండి వెనక సీట్లు తీసేసి, రెండు పెద్ద సొరుగులు పెట్టి, వాటి మీద పరుపు వేసుకునేలా పలక బిగిస్తారు. ఒక సొరుగు లాగితే స్టవ్వు, గిన్నెలు. ఇంకోటి లాగితే బట్టలు, మందులు. తలుపులు వేసుకుంటే లోపలికి చీమ రాదు. అలాగైతే సరేనన్నాను. రెడీమేడ్‌గా దొరికేవి మా పాత బండికి కుదరలేదు, పైగా వాటిలో పిల్లలకు చోటుండదు. అప్పుడు రైసు మిల్లుల దారిలో ఉన్న వడ్రంగి కాక గుర్తొచ్చారు. ఆయన పేరు ఎత్తింది కూడా నేనే.

ఆయన లారీల క్యాబిన్లలో డ్రైవర్లు పడుకునే పలకలు చేసేవారు. మా నాన్న మిల్లులో గుమాస్తాగా ఉండేవారు కాబట్టి నేను చిన్నప్పటి నుంచీ ఆ దుకాణం ముందు నుంచే స్కూలుకు పోయేదాన్ని. ఎవరో ఒక డ్రైవరు దుకాణం ముందు ప్లైవుడ్ మీద వెల్లకిలా పడుకుని ఉండేవాడు. కాక సుద్దముక్కతో అతని చుట్టూ గీత గీసేవారు. తర్వాత కుడి పక్కకు తిరగమని మళ్ళీ గీత, ఎడమ పక్కకు తిరగమని మళ్ళీ గీత. డ్రైవరు లేచి వెళ్ళాక ఆ పలక మీద ముగ్గురు మనుషులు ఒకరి మీద ఒకరు పడుకున్నట్టు గీతలుండేవి. వాటన్నిటికీ బయట ఆయన ఒక దీర్ఘచతురస్రం గీసేవారు. అదే మంచం.

మేం వెళ్ళిన రోజున దుకాణంలో పెద్దగా పని లేదు. కొత్త లారీలకు కంపెనీలోనే బెర్తు పెట్టి పంపుతున్నారని, ఏడాదిగా తన దగ్గరికి లారీ వచ్చిందే తక్కువని కాక చెప్పారు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక తలుపు తెరిచి లోపల చెయ్యి పెట్టి తడిమి చూశారు. మా ఆయన తను గీసుకొచ్చిన డ్రాయింగు ఇస్తే మర్యాదగా తీసుకుని పక్కన పెట్టారు. “బండి నాప్ తర్వాత సార్. ముందుగాల పండెటోళ్ళ నాప్ తీయాలె,” అన్నారు. నాప్ అంటే కొలత.

మా ఆయన నవ్వుతూనే ప్లైవుడ్ మీద పడుకున్నారు. నా వంతు వచ్చేసరికి సిగ్గేసింది, అది రోడ్డు పక్క కదా. కాక తార్పాలిన్ పరదా దించి, ఇంట్లోంచి తన భార్యను పిలిచారు. ఆడవాళ్ళకు ఆమే గీస్తుందట. ఆమె నా మోకాళ్ళ దగ్గర గీస్తూ, నిద్రలో కాళ్ళు ముడుచుకుంటావా, చాపుకుంటావా అని అడిగింది. గీత నా పాదాల దగ్గర కలపకుండా జానెడు ఖాళీ వదిలేసింది. ఎందుకని అడిగితే, మా దుకాణంలో అంతే, మనిషి లేచి పోవడానికి తోవ ఉంచుతాం అంది. మా ఇద్దరి కొలతలూ అయ్యాక కాక పాప సంగతి చెప్పారు. పిల్లలు మెలకువలో ఒక తీరుగా, నిద్రలో ఒక తీరుగా ఉంటారట. మధ్యాహ్నం అన్నం తిని నిద్రకొచ్చే వేళకు తీసుకురమ్మని, పలక మీద అరగంట నిద్రపోతే చాలని అన్నారు.

మర్నాడు మా ఆయన డ్యూటీలో ఉన్నారు. నేనొక్కదాన్నే పాపను ఆటోలో తీసుకెళ్ళాను. దారిలోనే నా భుజం మీద నిద్రపోయింది. కాక అప్పటికే కొత్త ప్లై పరిచారు, దాని మీద ఆయన భార్య ఉతికిన చీర వేసి ఉంచింది. చెవి మీద పెన్సిలు, చేతిలో సుద్దముక్క. పాపను పడుకోబెట్టడానికి వంగాను.

నా చేతులు వదల్లేదు.

నా పదో ఏట మా తాత పోయారు. వాకిట్లో ఆయన్ని పడుకోబెట్టి, ఎవరో ఒక తాడు తెచ్చి తల నుంచి కాళ్ళ దాకా పట్టి, ముడి వేసి, ఆ తాడు తీసుకుని పాడెకు వెదుళ్ళు కోయడానికి పోయారు. ఆ రోజు మా నాయనమ్మ నన్ను గదిలోకి లాక్కుపోయి, పడుకున్న మనిషిని ఎప్పుడూ కొలవకూడదని చెప్పింది. మా ఇంట్లో నిద్రపోయే పిల్లల పక్కన టైలరు టేపు కూడా ఉంచేవాళ్ళు కాదు. నేను అవన్నీ నమ్మనని అనుకునేదాన్ని. ముందురోజు నా చుట్టూ గీత గీస్తే నాకేమీ అనిపించలేదు కూడా. కానీ పాపను పలక మీద ఆనించబోయేసరికి ఆ తాడు కనిపించింది.

“వద్దు కాకా,” అన్నాను.

ఆయనకు వెంటనే అర్థమైంది. కోపం రాలేదు. “నాకు ఎర్కనే బిడ్డా. శానమంది వద్దంటరు,” అన్నారు. గీత కలపనని, కావాలంటే తన భార్యతో గీయిస్తానని చెప్పారు. నేను తల అడ్డంగా ఊపాను. సుద్దముక్క తీసి కిటికీలో పెట్టేశారు. “సుద్ద పట్టను, టేపు పట్టను. పండబెట్టు. ఉత్తగ చూస్త, చేతులు ఎటు పెడ్తదో, గంతే.” దానికి కూడా నేను ఒప్పుకోలేదు. ప్లేస్కూలు కార్డులో ఎత్తు రాసి ఉంది, మూడడుగుల రెండంగుళాలు, దానికి రెండంగుళాలు కలిపి చెయ్యమన్నాను. నిలబడ్డ కొలత వేరు, పడుకున్న కొలత వేరు అని ఆయన అన్నారు. నేను, వెర్నియర్ పాఠం చెప్పినదాన్ని, ఎట్లైనా మనిషి పొడుగు ఒక్కటే కదా కాకా అన్నాను. ఆయన ప్లై అంచు మీద పెన్సిలుతో ఆ అంకె రాసుకున్నారు. పాప నా భుజం మీద నిద్ర లేవలేదు.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి మా ఆయన అడిగారు, పాపను కొలిచాడా అని. నేను గిన్నెలు సర్దుతూ ఆఁ, కొలిచారు అన్నాను. అంతకు ముందొకసారి పాపకు దిష్టి తీస్తుంటే చూసి ఆయన, మన ఇంట్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఉందని ఎవరికీ చెప్పకు అని ఎగతాళి చేశారు. ఆ మాట మళ్ళీ పడటం ఇష్టం లేకపోయింది. అంత చిన్న కారణం. ఒక్క అక్షరం అబద్ధం కదా, దాని వల్ల ఏమవుతుందిలే అనుకున్నాను.

పని మూడు వారాలు పట్టింది. బండి ఇంటికి వచ్చిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఎడమ సొరుగులో స్టవ్వుకు, గిన్నెలకు, పోపు డబ్బాకు వేరువేరు గదులు. కుడి సొరుగులో బట్టలు. గుట్ట ఎక్కేటప్పుడు సొరుగులు వాటంతట అవి జారి రాకుండా ఒక్కోదానికి ఇత్తడి గడియ. ఎక్కడ చెయ్యి పెట్టినా మూల గుచ్చుకోలేదు, పాప కోసం అన్ని అంచులూ గుండ్రంగా చెక్కి గరుకు కాగితంతో రుద్దారు. సొరుగుల మీద మా ఇద్దరికీ పలక. మా తలల వైపు, ముందు సీట్ల వెనక అడ్డంగా, పాపకు ఒక చిన్న పలక. పాప పలక ఎక్కడ అయిపోతుందో అక్కడ, తలుపు పక్కన మిగిలిన చోటులో, నీళ్ళ డబ్బా పెట్టుకునే పెట్టె. దానికి పైకి లేచే మూత. పాపకు పలక ఎంత పొడుగు కావాలో తేలాకే ఆ పెట్టె ఎంత ఉండాలో తేలుతుంది. అందుకే ఆయన నిద్రలో చూస్తానని అంతగా అడిగారు.

కాలనీ వాళ్ళందరూ వచ్చి సొరుగులు లాగి చూశారు. ఇద్దరైతే వచ్చే నెల తమ బండ్లు కూడా కాక దగ్గరే పెడతామని అప్పుడే అనేశారు. ఆ సంగతి చెప్పడానికి నేనే కాకకు ఫోన్ చేశాను. ఆయన ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నారు. తర్వాత, లారీలు పోతే జీపులొచ్చినయి, ఇక ఈ వయసుల దుకాణం మూసే ఫికరు లేదు బిడ్డా అన్నారు. వెనకనుంచి ఆయన భార్య ఏదో అడగడం, ఆయన చెప్పడం, ఆమె నవ్వడం వినిపించాయి.

మొదటిసారి జాలహళ్ళి దాటాక తెలిసిన రైతు చేనుకు వెళ్ళాం. నేను భయపడినవేమీ జరగలేదు. పాప బండిలో పడుకోవడం పండగలా అనుకుంది. నిద్రలో రెండు చేతులూ తల మీదికి చాపుకుని పడుకుంది. పుట్టినప్పటి నుంచీ అది అలాగే పడుకుంటుంది. నేను రోజూ రెండుసార్లు లేచి చూసే నిద్ర అది. కార్డులో రాసిన ఎత్తులో ఆ చేతులు లేవు. వేళ్ళు పలక దాటి, నీళ్ళ పెట్టె అంచు మీద ఉన్నాయి. నేను చూశాను కూడా. హాయిగా పడుకుంది అనుకుని తల తిప్పుకున్నాను.

తెల్లవారాక మా ఆయన టీకి నీళ్ళ కోసం బయటి నుంచి తలుపు తీసి, పెట్టె మూత ఎత్తి, డబ్బా బయటికి లాగారు. మూత ధన్‌మని పడింది. పాప అరిచిన అరుపుకు చేనులో పిట్టలు లేచాయి.

రాయచూరు ఆసుపత్రికి వచ్చేదాకా దాని వేళ్ళు నా చేతిలోనే ఉన్నాయి. రెండు గోళ్ళు నల్లబడ్డాయి. ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదని, గోళ్ళు ఊడి మళ్ళీ వస్తాయని చెప్పారు. దారిలో మా ఆయన ఒకటే మాట తిప్పి తిప్పి అంటున్నారు. “పిల్ల ఎలా పడుకుంటుందో చూసి కూడా ఇలా ఎలా చేశాడు? చేతులు పెట్టె మీదకి వస్తాయని కళ్ళకి కనపడలేదా? నువ్వు దగ్గరే ఉన్నావు కదా?” ఉన్నాను అన్నాను. అది నిజమే. నేను దగ్గరే ఉన్నాను.

ఆసుపత్రి నుంచి ఇంటికి కూడా పోకుండా బండిని నేరుగా దుకాణం ముందు ఆపారు. పాప నా ఒళ్ళో కట్టు కట్టిన చేత్తో నిద్రపోతోంది. నేను దిగకుండా ఉండాల్సింది. కానీ దిగాను. ఆయన ఏం అంటారో, కాక ఏం చెప్పేస్తారో అని దిగాను. నా భయం అప్పుడు పాప వేళ్ళ గురించి కాదు.

మా ఆయన పెద్ద గొంతుతో మాట్లాడారు. పక్క దుకాణాల వాళ్ళు బయటికి వచ్చారు. లారీ డ్రైవర్లకి ఏదో ఒకటి కొట్టిచ్చినట్టు చంటిపిల్లకి కూడా కొట్టిచ్చేశావు అన్నారు. అంత పెద్దాయన్ని ‘నువ్వు’ అన్నారు. కాక ముందు పాప చేతి కట్టు చూశారు. బండి ఎక్కి, ఆ పలక అంచు మీద, పెట్టె మూత మీద చెయ్యి పెట్టి చూశారు. దిగి వచ్చి నా వైపు తిరిగారు.

“బిడ్డా, పాప నాప్ ఎవరిచ్చిండ్రు?”

అడిగినట్టు లేదు ఆ గొంతు. తలుపు తీసి పట్టుకున్నట్టు ఉంది, నేను వచ్చేయడానికి. ఒక్కమాట చాలు. నేనే అంటే సరిపోయేది. మా ఆయన ఇంటికెళ్ళాక రెండు రోజులు మాట్లాడరు, మూడో రోజు మాట్లాడతారు. అంతకంటే ఏమీ జరగదని నాకు తెలుసు.

“మీరే కదా తీసుకున్నది,” అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు. ఆయన భార్య గడపలో నిలబడి ఉంది. ఆమెకూ తెలుసు, చీర పరిచింది ఆమే. కాక మా ఆయన వైపు తిరిగి, “అట్లనే అనుకోండి సార్. బండి ఇడ్సిపోండి, పలక మార్చిస్త,” అన్నారు. నాతో, “పాపకు ఎండ తగుల్తున్నది, లోపల కూసోండి మేడం,” అన్నారు.

మేడం. నా చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి.

మా ఆయన బండి వదల్లేదు. ఇంటికి రాగానే కాలనీ బండ్ల వాట్సాప్ గ్రూపులో పాప చేతి ఫొటో పెట్టి, వాయిస్ మెసేజ్ పంపారు. ఆ దుకాణానికి ఎవరూ వెళ్ళొద్దని, కొలతలు తీసుకోవడం కూడా రాదని, పిల్లలున్న వాళ్ళైతే అసలే వద్దని. నేను పక్క గదిలో పాపకు మందు తాగిస్తూ మొత్తం విన్నాను. మొదటి ఆదివారానికి ఒకరు, రెండో ఆదివారానికి ఇంకొకరు కాక దగ్గర పని వద్దనుకున్నారు. నేను ప్రతి రోజూ, రేపు చెబుదాం అనుకున్నాను. గోళ్ళు ఊడిపోనీ, కొత్తవి రానీ, ఈ కోపం తగ్గనీ అనుకున్నాను. మార్కెట్‌కు పోవాలంటే మిల్లుల దారి దగ్గర. నేను ఆటో అతనికి స్టేషన్ మీదుగా పొమ్మని చెప్పేదాన్ని. వాట్సాప్‌లో టైర్ల గురించి, దీపాల గురించి మెసేజ్‌లు వచ్చి వచ్చి ఆ వాయిస్ మెసేజ్ పైకి పోయింది. నేను మాత్రం వేలితో తోసుకుంటూ వెళ్ళి, అది అక్కడే ఉందా అని చూసేదాన్ని. ఉండేది.

రెండు నెలలు దాటాక కూరగాయల మార్కెట్లో కాక భార్య ఎదురైంది. తప్పుకోవడానికి చోటు లేదు. ఆమె నా సంచి వైపు, నా వైపు చూసి పాప వేళ్ళు నయమయ్యాయా అని అడిగింది. మాటలో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు. పిల్ల వేళ్ళ గురించే అడిగింది. గోరు కొత్తగా వస్తోందని చెప్పాను. కొబ్బరినూనె రాస్తుండమని చెప్పి, వంకాయలు ఏరుకుంటూ ముందుకు పోయింది. నేను ఏమీ కొనకుండా మార్కెట్ బయటికి వచ్చేశాను. ఆమె తిట్టి ఉంటే ఆ రోజు కూడా ఇంటికే పోయేదాన్నేమో.

దుకాణానికి వెళ్ళాను. కాక ఒక్కరే ఉన్నారు. తప్పు నాదే కాకా, ఆ రోజు అబద్ధం చెప్పాను, మా ఆయనకు భయపడి చెప్పాను, క్షమించండి అన్నాను. ఏడుపు వచ్చింది. ఆయన చేతిలో పని ఆపి స్టూలు చూపించారు. నేను కూర్చోలేదు.

“నాకు చెప్తె ఏం ఫాయిదా మేడం. నాకు ఎర్కనే ఉండె గద. ఎర్క లేనోళ్ళకు చెప్పాలె.”

నేను ఏడుస్తూ చెప్పడానికి వెళ్ళింది ఆ ఒక్క మనిషికే. ఆ మాట విన్నాక నా కన్నీళ్ళకు కూడా సిగ్గేసింది. ఇంటికి వచ్చి ఆ సాయంత్రమే మా ఆయనకు చెప్పాను. తాత సంగతి, తాడు, పరిచిన చీర, సుద్ద పక్కన పెట్టేసి ఉత్తగా చూస్తానన్న మాట, నేను కార్డు చూసి ఇచ్చిన అంకె, అన్నీ. ఆయన ఎగతాళి చేయలేదు. చేస్తారన్న భయంతోనే నేను అన్నాళ్ళూ దాచాను. “కొలవనివ్వకపోతే పోనీ. కానీ ఆ పెద్దాయన్ని నాచేత ‘నువ్వు’ అనిపించావు చూడు,” అన్నారు. గ్రూపులో తను మెసేజ్ పెడతానన్నారు. వద్దు, నేనే చెబుతానన్నాను. కాక చెప్పమన్నది నన్ను.

ఆ ఆదివారం పొద్దున మైదానంలో అందరూ ఉన్నారు. ఆడవాళ్ళు బండి వెనక తలుపు మీద ఫ్లాస్కులు పెట్టుకుని టీ పోస్తున్నారు. నేను చెప్పాను. తాడు దగ్గర నుంచి అబద్ధం దాకా మొత్తం చెప్పాను. నాకు రావలసిన తిట్లు వస్తాయని ఎదురు చూశాను. ఒకామె నా భుజం మీద చెయ్యి వేసి, మా అత్తగారూ అంతే, పడుకున్న పిల్లని ఫొటో కూడా తీయనివ్వదు అంది. ఇంకొకామె, తల్లి కడుపు కదా, భయముండదా అంది. అందరూ నన్ను ఓదార్చారు. అంత తొందరగా, అంత ప్రేమగా ఓదార్చారు. ఒక్కరూ కాక మాట ఎత్తలేదు.

కాక దగ్గర బండి పెడదామనుకున్న ఇద్దరిలో ఒకాయన, మంచి ఉద్దేశంతోనే, “అయినా అలా కార్డు కొలతతో కుదరదని మీకు ఆయనే గట్టిగా చెప్పాల్సింది కదండీ,” అన్నాడు.

ఆ మాట పట్టుకుని వెళ్ళిపోవచ్చు. సగం తప్పు అటు తోసేయడానికి అందరూ చోటు ఇచ్చారు.

“చెప్పారండీ,” అన్నాను. “మూడుసార్లు చెప్పారు. నేనే వినలేదు. మా వారి ముందు అడిగినప్పుడు ఆయన్నే అబద్ధాలకోరును చేశాను.”

ఆ మాట అన్నాయన మెల్లగా తన బండి వెనక తలుపు తీసి చూపించాడు. బెంగళూరు నుంచి తెప్పించి బిగించుకున్న సొరుగులు, నల్లటి రేకువి, మెరుస్తున్నాయి. రెండో ఆయనవి కూడా అక్కడి నుంచే వస్తున్నాయట, అడ్వాన్సు అయిపోయిందట. ముందే తెలిసి ఉంటే అన్నాడు. అక్కడితో ఆగిపోయి, టీ కప్పు నాకు అందించాడు. నేను తాగాను. కాసేపటికి మాటలు టైర్ల మీదికి పోయాయి. మా ఆయన గ్రూపులోని పాత మెసేజ్‌కు జవాబుగా, తప్పు మాదని రాశారు. మాది అని రాశారు. నాది అని రాయమన్నాను. మార్చారు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు ఏడు వచ్చాయి.

ఈ రోజు మధ్యాహ్నం దుకాణానికి వెళ్ళాను. ఏం చెప్పాలో దారంతా కూర్చుకున్నాను గానీ, కాకను చూశాక రెండు ముక్కలే వచ్చాయి. అందరికీ చెప్పాను. కానీ ఆ ఇద్దరూ బెంగళూరు నుంచి తెప్పించుకుంటున్నారు.

ఆయన ఒక కుట్టుమిషను బల్ల విరిగితే దానికి కొత్త పలక చేస్తున్నారు. చిత్రిక పడుతూనే తల ఊపారు. ఆ రేకు సొరుగుల బండి మొన్న పెట్రోలు బంకులో చూశానని చెప్పారు. “పని మంచిగనే ఉన్నది. సొరుగు జారే ఛానెల్ జర పల్చగుంది. రాళ్ళల్ల తిరిగితె ఏడాదికి ఊగుతది,” అన్నారు. తర్వాత, అందరి ముందరే చెప్పిండ్రా మేడం అని అడిగారు.

“అందరి ముందరే చెప్పిన కాకా.”

“మంచిది.”

మళ్ళీ చిత్రిక పట్టడం మొదలుపెట్టారు. చెక్క పొట్టు ఆయన కాళ్ళ మీద పడుతోంది. నేను నిలబడే ఉన్నాను. ఇంకేమైనా కావాలా అన్నట్టు ఆయన ఒకసారి తలెత్తి చూశారు. అప్పుడు గానీ నాకు తెలియలేదు, పర్వాలేదు బిడ్డా అంటారేమోనని నేను కనిపెట్టుకుని ఉన్నానని. పని పోగొట్టి, పేరు పోగొట్టి, చివరికి ఆ మాట కూడా ఆయన దగ్గరే తీసుకుపోదామని వచ్చాను.

ఆయన అనలేదు. అనాల్సిన అవసరం ఆయనకు లేదు. వస్తాను కాకా అని చెప్పి, మిల్లుల దారి మీదుగానే ఇంటికి నడిచాను.